దేవకాంచనం పూసేదాకా

మద్దిగుట్ట తండాలో చెట్ల గురించి భీమ్లాకి తెలియనిది లేదు. ఈ సంగతి అందరికంటే ముందు భీమ్లాయే చెబుతాడు. సారపాక కాగితం మిల్లుకి జామాయిల్ మొక్కలు పెంచే నర్సరీలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి, సూపర్‌వైజర్‌గా రిటైరై, చండ్రుగొండ అవతల అడవి అంచున ఉన్న సొంత తండాకి తిరిగొచ్చినవాడు. ఆయన చేతి మీదుగా నేలకి దిగిన మొక్కలు లక్షల్లో ఉంటాయి. అన్నీ జామాయిలే. ఒక్క రకం మొక్కతోనే ఉద్యోగమంతా గడిపినవాడికి మిగతా చెట్లన్నీ దానికి దూరపు చుట్టాల్లాగే కనబడతాయి. భీమ్లాకీ అట్లాగే కనబడ్డాయి, గొడవంతా అక్కడే వచ్చింది.

రిటైరైన ఏడాది తొలకరికి ఇంటి వెనక రెండెకరాల్లో జామాయిల్ పెడదామని తాడు పట్టించాడు. వరసలు తూర్పు నుంచి పడమరకి గీత గీసినట్టు వస్తున్నాయి. ఆరో వరసకి ఒక దేవకాంచనం చెట్టు అడ్డొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య చాంది, దమ్మపేట పక్కనున్న పుట్టింటి తండా నుంచి, పాలచెంబులో పెట్టి, బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చిన మొక్క అది. ఆవు గిట్టలా రెండుగా చీలిన ఆకులు. శివరాత్రికి అటూ ఇటూగా ఆకంతా రాలిపోయి, వట్టి కొమ్మల నిండా గులాబీ రంగు పూలు. ఆ రోజు చాంది దమ్మపేటలో పెళ్ళికి వెళ్ళింది. అడుగుదామంటే మనిషి లేదు. ఉన్నా అడిగేవాడని కాదు. చెట్టు కొట్టించాడు. మొద్దు మిగిలితే మళ్ళీ చిగురేస్తుందని, నర్సరీలో నేర్చిన జాగ్రత్త కొద్దీ, జేసీబీ పిలిపించి వేళ్ళతో సహా పీకించాడు. ఆరో వరస కూడా గీత గీసినట్టే వచ్చింది.

మూడో రోజు చాంది తిరిగొచ్చి, చేతిలో సంచి కింద పెట్టకుండానే ఇంటి వెనక్కి వెళ్ళి, చెట్టు ఉండాల్సిన చోట జానెడు జామాయిల్ మొక్కని చూసింది.

"ఈ జాగల మళ్ల కాంచనం పూసిన్నాడే నీతోని మాట్లాడ్త," అంది. "సేవాభాయా మీద ఆన."

సేవాభాయా లంబాడీల దైవం, ఆయన మీద ఆన పెడితే తప్పరు. లంబాడీలో అన్న మాట ఇది. తెలుగులో చెబితే కొంచెం మెత్తబడుతుంది.

భీమ్లా నవ్వాడు. ఈ అలక అన్నం ఉడికేదాకా అనుకున్నాడు. అన్నం ఉడికింది, పెట్టింది, తిన్నాడు, తెల్లారింది, మాట లేదు. వారం గడిచింది, మాట లేదు. ఇరుగుపొరుగుతో, కోళ్ళతో, ఫోన్లో చెల్లెలు హేమ్లితో గలగలా మాట్లాడుతూనే ఉంది. భీమ్లా గుమ్మంలోకి వస్తే మాత్రం టప్పున ఆగిపోయేది.

పదిహేను రోజులు చూసి భీమ్లా తండా నాయక్ గోప్యా దగ్గరికి పోయాడు. గోప్యా ఇద్దరినీ కూర్చోబెట్టి, చుట్ట సగం కాలేదాకా ఆలోచించి, తీర్పు చెప్పాడు.

"సేవాభాయా మీద పెట్టిన ఆన తీసేసుడు నా చేతుల లేదు. గాని ఇంట్ల పనులు ఆగొద్దు గద. గందుకని చాంది కొట్టంల ఉన్న దూడతోని మాట్లాడొచ్చు. దూడ పక్కన మొగుడు నిలబడి ఉంటే, అది మొగుని నసీబు."

తండా అంతా ఈ తీర్పు బాగుందంది. ఆ పూట నుంచే అమల్లోకి వచ్చింది.

"దూడా, అన్నం పెట్టిన. సల్లారిపోతుంది."

"దూడా, గ్యాస్ అయిపోయింది. జల్దీ పోయి తెమ్మను."

భీమ్లా మీద ఏ ఆనా లేదు, నేరుగా మాట్లాడొచ్చు. కానీ నేరుగా మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుండేది. అందుకని ఆయనా దూడకే చెప్పడం మొదలుపెట్టాడు. దూడ ఇద్దరి మాటలూ వింటూ గడ్డి నములుతుండేది. తండాలో అంత ఓపికగా ఇద్దరి పక్షమూ విన్నది అదొక్కటే.

వినేవాళ్ళకి నవ్వులాటగా ఉండేది. భీమ్లాకి మాత్రం నెల తిరగకుండానే నవ్వు ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు సారపాకలో కిరాయి గదిలో ఒంటరిగా వండుకు తిని, ఆదివారం ఆదివారం ఇంటికొచ్చి పోయిన మనిషి. రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని చాందితో మాట్లాడదామనుకున్నాడు. ఏం మాట్లాడాలో అప్పట్లో తెలియదు గానీ, వీల్లేదన్నాక చెప్పాల్సినవి కుప్పలుకుప్పలుగా గుర్తొచ్చాయి. అవన్నీ దూడతో చెప్పుకోదగ్గవి కావు.

'పూయించడమే కదా,' అనుకున్నాడు. లక్షల మొక్కలు పెంచినవాడికి ఒక్క చెట్టు ఎంత?

ఆరో వరసలో ఆ ఒక్క జామాయిల్ పీకేసి, సత్తుపల్లి నుంచి నడుమెత్తు దేవకాంచనం మొక్క తెచ్చాడు. గాలికి పడిపోకుండా మొదలు జానెడు మట్టిలో మునిగేట్టు లోతుగా పాతాడు. చుట్టూ కట్ట పోసి పొద్దునొక బిందె, సాయంత్రమొక బిందె నీళ్ళు. బలానికి గుప్పెడు యూరియా. నెలకి ఆకులు పసుపెక్కాయి. దాహం తీరలేదనుకుని మూడో బిందె మొదలుపెట్టాడు. వినాయక చవితికి ఆకులు రాలాయి, దసరాకి మొక్క ఊగితే ఊడొచ్చింది. వేళ్ళు నల్లగా మెత్తగా, నానిన చింతపండులా చేతికంటుకున్నాయి.

చాంది పెరట్లోకి వచ్చి చూసింది.

"దూడా," అంది, "నీళ్లల్ల ముంచి సంపుడు మనుషులకే అనుకున్న. మొక్కలకు గూడ చేస్తరు."

మరుసటి ఏడు తొలకరికి భీమ్లా వాగు దాటి కోయగూడెం వెళ్ళాడు. అక్కడ పగిడయ్య ఉన్నాడు. తేనె, తునికాకు, ఇప్పపువ్వు, ఏ కాలానికి ఏది దొరికితే అది ఏరుకుంటూ, మిగతా రోజుల్లో ఇంత జొన్న పండించుకునే మనిషి, భీమ్లా కంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఆయనంటే భీమ్లాకి గౌరవమే, కాకపోతే చెట్ల విషయంలో కాదు. అడవిలో చెట్లని ఎవరు పెంచారు, వాటంతటవే పెరిగాయి, అందులో పగిడయ్య గొప్పేముందని భీమ్లా లెక్క. లెక్క ఏదైనా, వెళ్ళక తప్పలేదు.

పగిడయ్య సంగతంతా విని, గడ్డపార భుజాన వేసుకుని గుట్టవాలుకి తీసుకెళ్ళాడు. పెద్ద చెట్ల అంచున, సగం నీడ సగం ఎండలో, మోకాలెత్తు కాంచనం మొక్క ఉంది. తవ్వే ముందు సొరకాయ బుర్రలోంచి దోసెడు నీళ్ళు దాని మొదట్లో పోసి, కోయభాషలో రెండు మాటలన్నాడు.

"ఏమంటున్నవన్నా?" అన్నాడు భీమ్లా.

"తీస్కపోతున్నమని చెప్తున్న. అడగకుండ తీస్తరా?"

భీమ్లా అటు తిరిగి దగ్గాడు.

వేళ్ళ చుట్టూ మట్టిగడ్డ చెదరకుండా అడ్డాకుల్లో చుట్టి, ఇద్దరూ మోసుకొచ్చారు. పగిడయ్యే దగ్గరుండి నాటించాడు. అడవిలో మట్టి ఎంతదాకా ఉందో ఇక్కడా అంతదాకానే. నీళ్ళు నిలవకుండా మట్టి కొంచెం ఎత్తు చేయించాడు. యూరియా సంచి వైపు చూసి, "అది వరికి పెట్టుకో," అన్నాడు.

"నీళ్లు ఎన్ని బిందెలన్నా?"

"బిందెలు కాదు తమ్మీ. వేలు పెట్టి చూడు. తడి తగిలిందా, పొయ్యకు. తగల్లేదా, పొయ్యి."

ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో వేలు పెట్టి చూడమని భీమ్లాకి ఎవరూ చెప్పలేదు. అక్కడ చార్టు ఉండేది. అయినా పెట్టి చూశాడు. మొక్క బతికింది. శ్రావణంలో రెండు కొత్త ఆకులు వేస్తే భీమ్లా తండాలో ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు. ఇల్లలకగానే పండగ కాదని గోప్యా అన్నాడు గానీ, భీమ్లా వినే స్థితిలో లేడు.

ఆ చలికాలం ఒక్క ఆకు లేకుండా మొక్క ఎండుపుల్లలా నిలబడింది. జామాయిల్ ఏ కాలంలోనూ ఆకు రాల్చదు. చచ్చిందనుకున్నాడు భీమ్లా. గట్టుమీద కూర్చుని, తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని కాసేపు నిజంగానే ఏడ్చాడు. ఏడుపు మొక్క గురించి కాదని ఆయనకీ తెలుసు. పగిడయ్య వచ్చి, కొమ్మ మీద గోటితో ఆవగింజంత గీరాడు. లోపల పచ్చగా ఉంది.

"నిద్రపోతుంది. లేపకు."

చెట్టు ఎదిగింది. రెండో ఏడు వానల్లో ఆకుల అంచులు ఎవరో కత్తెరతో గుండ్రంగా కత్తిరించినట్టు ఊడిపోతుంటే, భీమ్లా పత్తికి కొట్టే మందు పంపులో కలిపి భుజాన వేసుకున్నాడు. అంతలో పగిడయ్య చెయ్యి పట్టుకుని ఆపి, ఆకు ముక్కని పొట్ట కింద పట్టుకుని ఎగిరిపోతున్న తేనెటీగలాంటి పురుగుని చూపించాడు. "గూడు కట్టుకుంటుంది పాపం. ఇన్ని ఆకులల్ల దానికి నాలుగు ముక్కలియ్యవా?" మందు పంపు దిగింది. డిసెంబర్లో మాత్రం పగిడయ్య ఊళ్ళో లేని రోజు చూసి, భీమ్లా కత్తెర తీసి చెట్టు తలంతా సమంగా కత్తిరించాడు. నర్సరీలో తల్లిమొక్కలకి అట్లా తల తీస్తేనే కొమ్మలు గుబురుగా వచ్చేవి. గుబురుగా వస్తే గుబురుగా పూస్తుంది కదా అని ఆయన ఆశ.

శివరాత్రి వచ్చింది, పోయింది. చెట్టు పూయలేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం చాంది ఒక కూర పెట్టింది. ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయలు, కాస్త వగరు, కాస్త తీపి. పెళ్ళయినప్పటి నుంచీ ఏటా ఆ కాలంలో చేసే కూరే, మధ్యలో రెండేళ్ళుగా ఎందుకో చేయలేదు. ఎందుకు చేయలేదో భీమ్లా అడగలేదు. చెట్టు పూయని దిగులులో ఉన్నాడేమో, మనసు మెత్తగా ఉండి నోరు జారింది.

"దూడా, కూర బాగుంది."

చాంది చేతిలో గంటె గిన్నె మీద ఆగింది. తర్వాత మజ్జిగ పోసింది.

ఆ ఏడు దూడ ఆవైంది, ఈనింది. తల్లి అంత పెద్దదయ్యాక దాన్ని దూడా అని పిలవడం బాగుండదని, ఇంటి మాటల బాధ్యత కొత్త దూడకి అప్పగించారు. దూడ మారింది గానీ పద్ధతి మారలేదు.

వానాకాలంలో చెట్టు మొదట్లో రంపపు పొట్టులాంటిది రాలుతుంటే పగిడయ్యకి మళ్ళీ కబురు వెళ్ళింది. వచ్చి చూసి తల పట్టుకున్నాడు. బలానికని భీమ్లా బుట్టలకొద్దీ పేడ తెచ్చి మొదలు చుట్టూ నడుమెత్తు కుప్ప పోసి పెట్టాడు. ఆ వేడికీ తడికీ బెరడు మెత్తబడి, తొలిచే పురుగు దూరింది. పగిడయ్య పేడంతా చేతులతోనే ఇవతలికి లాగి, మొదలుకి మూరెడు దూరంలో గుండ్రంగా పరిచాడు. సన్న తీగ రంధ్రంలో పెట్టి పురుగుని లాగి, మట్టితో మూశాడు. లేచి నిలబడి, చెట్టు తల చూశాడు.

"ఈ కొసలు ఎవరు కోసిన్రు?"

"నేనే. గుబురుగా రావాలని."

"పూలు ఆ కొసలకే వస్తయి తమ్మీ. చలికాలం కొసలు కోసి, ఎండలొచ్చినంక పూలేవని అడుగుతవా? కోసుడుంటే పూలు రాలినంక కొయ్యి. ఈ ఏడు నీ కత్తెర నాకియ్యి."

కత్తెర వాగు దాటి వెళ్ళిపోయింది. చెట్టుకి నాలుగు నెలలు ఎవరూ ఏమీ చేయలేదు. అది బారలు చాపి, ఇంటికప్పు దాటి పెరిగింది.

మాఘంలో ఒక సాయంత్రం భీమ్లాకి మొగ్గలు కనబడ్డాయి. కింది కొమ్మల నుంచి పైదాకా, ఆకు రాలిన ప్రతి కణుపు దగ్గరా, చిటికెన వేలి కొస లాంటి సన్నని పచ్చమొగ్గలు. కొట్టంలోకి పోయి దూడ మెడ పట్టుకుని, వంటింట్లోకి వినబడేట్టు చెప్పాడు.

"దూడా! ఇంకో వారం. వారంల పూస్తది!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

తెల్లారి చూస్తే ఒక పక్క కింది కొమ్మల మీద ఒక్క మొగ్గ లేదు.

భీమ్లా చెప్పులు వేసుకోకుండానే వాగు దాటాడు. పగిడయ్య వచ్చి, కొమ్మని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "కోతి అయితే కొమ్మ ఇరుస్తది. మేకయితే బెరడు గీకుతది. ఇది గోరుతోని గిల్లింది. కణుపుకు దెబ్బ తగలకుండ, పనొచ్చిన చెయ్యి." ఇంటివైపు ఒకసారి చూసి, మీసాల్లో నవ్వుకుని, "రేపు పొద్దుగాల లేచి నువ్వే చూస్కో," అని వెళ్ళిపోయాడు.

భీమ్లాకి ముగ్గురి మీద అనుమానం ఉంది. ముగ్గురూ జామాయిల్ ధర గురించి ఆయనతో ఎప్పుడో వాదించినవాళ్ళే. దొంగ దొరికితే గోప్యా ముందు నిలబెట్టి ఏమేం అనాలో అన్నీ అనుకుని, తెల్లవారుజామునే గడ్డివాము వెనక నక్కాడు. మంచు పడుతోంది. కోళ్ళు కూశాయి. పెరటి తలుపు కిర్రుమంది.

వచ్చింది చాంది.

కొంగు నడుముకి దోపి ఒడి కట్టుకుంది. కొమ్మ కొమ్మకీ చెయ్యి చాచి, అందినంత మేరా మొగ్గ తర్వాత మొగ్గ, గోటితో గిల్లి ఒడిలో వేసుకుంది. తొందర లేదు. ముప్పై ఆరేళ్ళుగా చేస్తున్న పని చేస్తున్నట్టే చేసింది. ఒడి నిండాక లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

భీమ్లా గడ్డివాము వెనకే కూలబడ్డాడు. గోప్యా ముందు అనాలనుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. నాలుగేళ్ళుగా ఆయన ఏ రోజు కోసం బతుకుతున్నాడో, ఆ రోజుని చాంది తన చేత్తో గిల్లేస్తోంది. అంటే ఆమెకి మాట్లాడాలని లేదు. చెట్టు ఒక వంక. ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. చలి మాత్రం ఎక్కువగా వేసింది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాడు. దూడ గుమ్మం దగ్గర కట్టేసి ఉంది, భోజనాల వేళ అది దాని డ్యూటీ. కంచంలో ఆ కూరే ఉంది, కాస్త వగరు, కాస్త తీపి. భీమ్లా ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా చాలాసేపు దానివంక చూశాడు. ముప్పై ఆరేళ్ళలో ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"దూడా, ఇది దేనితోని చేస్తరు?"

చాంది దూడ వైపు తిరిగింది.

"కాంచనం మొగ్గలతోని. లగ్గమైన కాడి సంది తింటున్నడు. గియ్యాల అడుగుతున్నడు."

"మొగ్గలన్ని తెంపితే చెట్టు పూసుడెట్ల, దూడా?"

"మా అమ్మ ఇంటికాడ కింది మొగ్గలు కూరకు, పైవి దేవునికి. అందినయి తెంపుడు, అందనియి పూసుడు. నరికిన చెట్టు గట్లనే ముప్పై ఏండ్లు కూరకిచ్చింది, పూలిచ్చింది. నిరుడు ఈ చెట్టుకు పైన అనేది ఏడుంది? తల కోసి నా భుజమెత్తు చేసి పెట్టె. ఉన్నయే పద్నాలుగు మొగ్గలు." మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపింది. "నిరుడు కోపంతోని తెంపిన. లేదని చెప్ప."

"మరి ఈ ఏడు?"

దూడ చెవులు కదిలించింది. చాంది గంటెతో మరింత కూర తీసి భీమ్లా కంచంలో వేసింది.

"నిరుడు బాగుందన్నడు గద," అంది దూడతో.

భీమ్లా కంచం మీదికి వంగి తిన్నాడు. ముప్పై ఆరేళ్ళలో ఆమె వండినవాటిలో ఆయన బాగుందన్నది ఈ ఒక్క కూర, అదీ దూడతో. ఆమె దాన్ని ఏడాదంతా దాచుకుంది. ఈయన ఆమె మాట కోసం చెట్టు పెంచుతుంటే, ఆమె ఈయన అన్న మాట కోసం మొగ్గలు తెంపింది. ఇంత చిన్న ఇంట్లో ఇద్దరు మనుషులు ఇంత దూరం ఎట్లా నడిచారో ఆయనకి అర్థం కాలేదు. అడుగుదామంటే దూడ ఒక్కటే ఉంది. కూర మళ్ళీ అడిగి పెట్టించుకుని కంచం ఖాళీ చేశాడు.

మర్నాడు పొద్దు పొడిచేసరికి చాంది మళ్ళీ చెట్టు కింద ఉంది. భీమ్లా ఈసారి గడ్డివాము వెనక దాక్కోలేదు. అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆమెకి తెలుసు, అయినా తిరిగి చూడలేదు.

కింది కొమ్మలు అయిపోయాయి. నడిమి కొమ్మ ఒకటి మొగ్గలతో బరువుగా, ఆమె వేళ్ళకి బెత్తెడు పైన ఊగుతోంది. మునివేళ్ళ మీద లేచింది, అందలేదు. ఎగిరింది, యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మొగ్గకి గోరు తగిలి తప్పిపోయింది. కర్ర కోసం అటూ ఇటూ చూసింది.

భీమ్లా కూర్చున్నచోటే ఉండిపోతే చాలు. ఆ కొమ్మే అన్నిటికంటే ముందు, నాలుగు రోజుల్లో పూస్తుంది. పూస్తే ఆన తీరుతుంది, మాట్లాడక తప్పదు, సేవాభాయా సాక్షిగా గెలుపు ఆయనది. ఇన్నాళ్ళూ వేలు పెట్టి నీళ్ళు చూసిందీ, కత్తెర ఇచ్చేసిందీ, పురుగులకి ఆకులిచ్చిందీ దీనికోసమే. ఇక చేయాల్సింది ఏమీ లేదు, కదలకుండా కూర్చోవడం తప్ప.

లేచి వెళ్ళాడు. చాంది పక్కన నిలబడి, చెయ్యి పైకి చాపి, కొమ్మ పట్టుకుని మెల్లగా ఆమె ముఖం దగ్గరికి వంచాడు. పచ్చికొమ్మ, విరగకుండా రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. చాంది ఆయన వంక ఒకసారి చూసి, మొగ్గలు గిల్లడం మొదలుపెట్టింది. ఒకటి, ఇంకొకటి, మరొకటి. ఒళ్ళో మెత్తగా పడుతున్న చప్పుడు భీమ్లాకి వినబడుతోంది. కొమ్మ సగందాకా వచ్చాక ఆమె వేళ్ళు ఆగాయి.

"చాలు, ఇడిచిపెట్టు," అంది. "పైవి పూయనీ."

భీమ్లా అలవాటు కొద్దీ దూడ ఎక్కడుందా అని వెనక్కి తిరిగి చూశాడు. పెరట్లో దూడ లేదు. అది ఇంకా కొట్టంలోనే, తల్లి పక్కన పడుకుని ఉంది.